ఇన్‌ఫ్లేషన్‌లో హెచ్చుతగ్గులు

ఆ రోజుల్లో ఒకే ఒక్క ఆదివారం సాయంత్రం నేను పోగొట్టుకున్నవి ఇవి: ఒక సైకిల్ ట్యూబు, కాబోయే మామగారి కళ్ళజోడు, మా పేట తెలుగు సంఘంలో నాకున్న మంచి పేరు. పిల్ల కూడా పోయిందనే అనుకున్నాను. ఎనభైల మధ్యలో సంగతి. పగలు చిక్కపేటలో బట్టల కొట్టులో లెక్కలు రాసి, సాయంత్రాలు లైబ్రరీలో విశ్వం పుట్టుక గురించి చదివేవాణ్ణి (కాలేజీ మెట్లెక్కలేదు గనుక భయం కూడా ఉండేది కాదు). సంఘం బోర్డు మీద నా ఉపన్యాసం పేరు నేనే రాశాను: "ఇన్‌ఫ్లేషన్‌లో హెచ్చుతగ్గులు". ఎన్నడూ లేనిది హాలు నిండింది. అంతా వ్యాపారులే. సభకి అధ్యక్షులు దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న మా కాబోయే మామ. పిల్లనిచ్చే ముందు నా తెలివెంతో చూద్దామని వచ్చారు.

పుట్టిన క్షణంలోనే విశ్వం ఊహకందనంతగా సాగిందని, ఆ సాగుడునే ఇన్‌ఫ్లేషన్ అంటారని మొదలుపెట్టానో లేదో, ముందు వరుసలోని బెల్లం వ్యాపారి అడ్డుకున్నాడు.

"అదుండనీప్పా. బెల్లం ధర ఎప్పుడు దిగతాది, అది చెప్పు."

"ఇది ఆ ఇన్‌ఫ్లేషన్ కాదండీ" అన్నాను. సగం హాలు లేచిపోయింది. మామ మాత్రం కదల్లేదు. "కానీప్పా, ఏందో చెప్పతా ఉండాడు, విందాం."

కోసి తెచ్చిన సైకిల్ ట్యూబు మీద చుక్క పెట్టి, ఒక కొస మామ చేతికిచ్చి లాగాను. చుక్క గీతయింది. అణువుకన్నా చిన్న చోట ఏదీ నిలకడగా ఉండదని, సాగుడు ఆ వణుకును పొడుగు లాగి బిగించేస్తే ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా మిగిలిందని, చాలాకాలానికి కాస్త చిక్కగా ఉన్నచోటికి చుట్టుపక్కలది చేరి నక్షత్రాల గుంపులయ్యాయని చెప్పాను.

"మొదట్లో ఆ ఎక్కువతక్కువ ఎంతప్పా?"

"లక్షలో ఒక వంతు, మామా."

"పదిలో ఒకటైతే?"

"అంతా కుప్పకూలేది."

"కోటిలో ఒకటైతే?"

"నక్షత్రాలే పుట్టేవి కావు."

"అట్లయితే సరిగ్గా లక్షలో ఒకటని ఎవరు కొలిచిచ్చినారు?"

నేను చదివిన లెక్కల్లో అది ఎంతో ఎక్కువ వచ్చేది. సరిపెట్టడానికి శాస్త్రవేత్తలు ఒక అంకెను చేత్తో దిద్దేవారు. ఆ మాట ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ పట్టు వదిలేశాను. ట్యూబు ఎగిరి వెళ్ళి మామ ముక్కు మీది కళ్ళజోడును పగలగొట్టింది.

"తెలీదు మామా" అన్నాను, అద్దం ముక్కలు ఏరుతూ.

ఆయన ముక్కు తుడుచుకున్నారు. "అద్దాలు లేకున్నా ఒకటి కనపడతా ఉండాది. నీకు అబద్ధం చెప్పేకి రాదు. ముహూర్తం చూపిస్తాం. జవాబు మాత్రం బాకీ ఉంచుకో."

తర్వాత ఉపగ్రహం పంపి కొలిచారు. లక్షలో ఒకటే. ఎందుకో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు. విశ్వం మీద కొత్త పుస్తకం కొంటే ముందు ఆ సంగతున్న పేజీయే తిరగేస్తాను. కళ్ళజోడు ఆ నెలలోనే కొనిచ్చాను. లక్షలో ఒకటి ఇంకా బాకీ.