మంజీర కట్ట మీద ఆదివారం

మా ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి యూరప్ నుంచి వచ్చిన ఒక నిపుణుడు తన దేశపు నది ఫొటోలు మాకు చూపించాడు. నది పక్కనే సన్నని బాట, బాట మీద సైకిళ్లు, వాటి వెనక కట్టిన డేరా మూటలు. సెలవు దొరికితే వాళ్లు పొద్దున్నే బయలుదేరి నది ఎటు పోతే అటు తొక్కుకుంటూ పోతారట. ఒకరింటికి కాదు, ఒక పని మీద కాదు. అది విన్నప్పటినుంచి నా మిత్రుడికి మంజీర మీద మనసు పడింది.

అతను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్. నేను స్టోర్సులో గుమాస్తాను. సంగారెడ్డిలో పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. డెబ్బైల మొదటి సంవత్సరాలవి.

మా గడి గురించి, అంటే ఊళ్లో మా పూర్వీకులు కట్టిన కోటలాంటి ఇంటి గురించి, అతనికి చాలా చెప్పాను. గుర్రాలు, తుపాకులు, నాలుగు ఊళ్ల భూమి, అది చట్టాలకూ కోర్టులకూ ఎలా కరిగిపోయిందీ. వినడం అతనికి ఇష్టం. ఫ్యాక్టరీలో మిగతావాళ్లు నన్ను నిక్కు మనిషి అని పక్కన పెట్టారు. నేనూ వాళ్ల దగ్గరికి పోలేదు. క్యాంటీన్‌లో నాతో కలిసి తినేది అతనొక్కడే. ఒక్క సంగతి మాత్రం అతనికి చెప్పలేదు: మావాళ్లు ఊరివాళ్లను ఎలా చూసేవారో. అది తెలిసిన రోజు ఆ ఒక్కడూ పోతాడని నాకు భయం ఉండేది.

మా ఊరు మంజీర ఒడ్డునే ఉంది. దానికి మూడు మైళ్ల ఇవతలే వెనక్కి తిరగాలని నేను ముందే లెక్క వేసుకున్నాను.

చలికాలపు ఆదివారం. మంచు విడవకముందే ఇద్దరం సైకిళ్ల మీద కల్పగూరు దాటాం. కొత్తగా కట్టిన ఆనకట్ట వెనక నీళ్లు పొగలు కక్కుతున్నాయి. జొన్నచేలు కోతకొచ్చాయి. ఇసుక తిన్నె మీద దుంగలా పడి ఉన్నది కదిలేసరికి అతను బ్రేకు నొక్కి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఏవండీ, ఆయన ఫొటోల్లో మొసలి లేదే!"

"మాకుంటయి. ఆయనకు డేరా ఉంది, మనకు మొసలి ఉంది."

"పళ్లు తోముకుంటోందో ఏమో, పొద్దున్నే నోరు తెరిచింది" అని అతను నవ్వాడు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

పదకొండింటికి ఒక మోటబావి దగ్గర ఆగి అతను తెచ్చిన పులిహోర, నా జొన్నరొట్టెలు పంచుకుని తిన్నాం. నేను అనుకున్న మలుపు అదే. సైకిల్ వెనక్కి తిప్పబోతుంటే అడిగాడు.

"మీ ఊరు ఇక్కడికెంత దూరం?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "మూడు మైళ్లు" అన్నాను.

"ఇంత దూరం వచ్చి మీ గడి చూడకుండా పోతామా? పదండి పదండి!" అంటూ అప్పటికే నది కట్ట ఎక్కేశాడు. వద్దనడానికి కారణం దొరక్క వెనకే తొక్కాను.

ఊరు ఇంకో మైలు ఉందనగా కట్ట మీద మా ముందు ఒక ముసలాయన సైకిల్ మీద పోతున్నాడు. వెనక క్యారియర్ మీద మనిషెత్తు జొన్నసొప్ప మోపు. మా గంట విని తిరిగి చూశాడు. నన్ను చూశాడు. చూస్తూనే కంగారుగా దిగబోయాడు. కాలు సొప్పకు తగులుకుంది. సైకిల్, మోపు, మనిషి ముగ్గురూ కింద పడ్డారు.

మిత్రుడు పరుగెత్తి లేవదీశాడు. "ఏం తాతా, అంత మోపేసుకుని ఎందుకు దిగడం? మేం పక్కనుంచి పోయేవాళ్లం కదా!"

"దొర అస్తుంటె ఎక్కి పోతమా సారూ?" అన్నాడు ఆయన, మోచేతి మట్టి దులుపుకుంటూ. తర్వాత నాకు దండం పెట్టాడు. "మంచిగున్నవా చిన్నదొరా?"

మిత్రుడు నావైపు చూసి కళ్లెగరేశాడు. "అబ్బో! ఈయన్ని మేం క్యాంటీన్ లైన్లో నిలబెడుతున్నాం తాతా. పాపం తగుల్తుందేమో!"

"మీదేవూరు సారూ?"

"బెజవాడ అవతల."

"గందుకె మీకెర్కలేదు" అని ముసలాయన నవ్వాడు. ఇద్దరూ మోపు ఎత్తి కడుతుంటే కబుర్లలా చెప్పుకుపోయాడు. "షోలాపూర్ల మిల్లు పనిజేసి సైకిల్ కొనుక్కొచ్చిన. ఊళ్లె ఫస్టు సైకిల్ నాదే. తెల్వక గడి ముంగట ఎక్కిపోయిన. పెద్దదొర పిలిపిచ్చి, నెత్తిన పెట్టుకొని గడి సుట్టు తిరుగుమన్నడు. మూడు సుట్లు. గీ చిన్నదొర గప్పుడు పన్నెండేండ్ల పోరడు. కట్టె పట్కొని ఎన్క ఎన్క ఉరికి నా నెత్తిమీది చక్రం తిప్పుడే తిప్పుడు! యాదికున్నదా దొరా?"

యాదికుంది. గాలిలో తిరుగుతున్న ఆ చక్రం నా మనసులో ఇన్నాళ్లూ ఒక పండగరోజు ఆటలా ఉండిపోయింది. దాని కింద ఎవరి మెడ ఉందో ఎన్నడూ అనుకోలేదు.

మిత్రుడి చేతులు తాడు మీద ఆగిపోయాయి. నన్ను చూడలేదు. ముడి బిగించి, "ఎక్కు తాతా, నువ్వు పో" అన్నాడు.

"గట్లెట్ల సారూ. దొర సాటుకు పోయినంక ఎక్కుత."

"ఎక్కు" అన్నాను నేను. ఆయన నేల చూశాడు. నేను సైకిల్ పట్టుకుని నడిచాను. ఆయన పది అడుగులు వెనకే నడిచాడు. నేనాగితే ఆగాడు. పక్కకు జరిగి ముందు పొమ్మంటే ఆయనా పక్కకు జరిగాడు. మోపు బరువుకు సైకిల్ పక్కకు ఒరుగుతోంది.

మిత్రుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఒక్క మాట చెప్పండి ఆయనకి."

ఏ మాటో నాకు తెలుసు. ముసలాయన ముఖం చూసి, "బ్రేకులు మంచిగ లేవు. చూపించుకో" అన్నాను.

"సరె దొరా."

మిత్రుడు తన సైకిల్ నడిపించుకుంటూ వెళ్లి ముసలాయన పక్కన నిలబడ్డాడు. "మీరు పదండి. నేను తాతతో నడిచొస్తా."

ఎక్కి తొక్కాను. అక్కడ కట్ట తిన్నగా ఉంటుంది, ఎంత పోయినా మనిషి కనబడుతూనే ఉంటాడు. నేను కనబడినంతసేపూ ఆయన నడవాలి. ఊపిరి అందకుండా తొక్కి మలుపు తిరిగాను. అప్పుడు తట్టింది, మిత్రుడి కోసం అక్కడ ఆగితే, ఎక్కి వచ్చే ఆయన నన్ను దాటాలి, నేను కనబడితే మళ్లీ దిగుతాడు. కట్ట దిగి చెరుకుతోటలోకి పోయాను. సైకిల్ పడుకోబెట్టి గడల మధ్య వంగి కూర్చున్నాను. చెరుకాకు మెడ కోస్తోంది.

కొంతసేపటికి ముసలాయన మోపుతో సహా ఎక్కి పోయాడు, ఏదో పాడుకుంటూ. వెనకాలే వచ్చిన మిత్రుడు నా చక్రాల జాడ చూసి ఆగాడు. నేను లేచి బయటికి వచ్చాను. చొక్కా నిండా చెత్త.

"ఆ మాట అనడం కన్నా ఇది తేలికా మీకు?"

"తేలికే" అన్నాను.

అతను సైకిల్‌ను సంగారెడ్డి వైపు తిప్పాడు. మా గడి చూడలేదు. ఇరవై అడుగుల ఎడం పెట్టుకుని నాకు ముందు తొక్కాడు, నేను వేగం పెంచితే తనూ పెంచాడు. మరుసటి నెల ఫ్యాక్టరీకి దగ్గరని చెప్పి బీరంగూడకు గది మార్చుకున్నాడు. సామాను రిక్షాలోకి ఎత్తే రోజు నేను సాయం పట్టాను.