కుర్రు మీద సద్దుల బతుకమ్మ

లక్సెట్టిపేట అంగడిలో ఆకుకూరలమ్మే లసుమవ్వ గొంతు ఎంత పెద్దదంటే, ఆమె గంప దించగానే పక్కవాళ్లు అరవడం మానేస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. లసుమవ్వ నోరు మంచిదో కాదో చెప్పడం కష్టం గానీ, ఆమె ఊరికి మాత్రం ఆ నోరు తప్ప వేరే దిక్కు లేకుండా పోయింది.

ఆ ఊరి పేరు కుర్రు. గోదావరి నడుమ నాలుగు దిక్కులా నీళ్లున్న దిబ్బ అది. అక్కడివాళ్లు గోదావరి అనరు, గంగ అంటారు. లసుమవ్వ చెన్నూరు దిక్కు పిల్ల. పెళ్లయి పడవ దిగిన రోజు చుట్టూ చూసి, అలిగి పుట్టింటికి పోదామన్నా దారి లేదు కదా అని ఏడ్చిందట. ఆ తర్వాత ఎన్నోసార్లు అలిగింది గానీ పోలేదు. ఇసుకలో కర్బూజ తీగలు పెంచింది, వరదొస్తే గొడ్లను తోలుకుని మిట్టకెక్కింది, వరద తీశాక మళ్లీ గోడలు మెత్తింది. దిగువన బ్యారేజీ కట్టాక మాత్రం ఎక్కిన నీళ్లు దిగలేదు. సగం చెలకలు మునిగాయి. జనం ఒక్కొక్కరే ఒడ్డున పెద్దూరి పక్కన కట్టిన కాలనీకి చేరుకున్నారు. కొడుకు మల్లేష్ మస్కట్ పోయాడు. కోడలు కోమల పిల్ల చదువు కోసమని కాలనీలో ఇల్లు తీసుకుంది. కోడలిని లసుమవ్వ తప్పు పట్టలేదు. కానీ వాళ్లు సామాను ఎత్తిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు కుర్రు మీద మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టే ఇళ్లు. వాళ్లకు కాలూ చెయ్యీ పంచాయతీ మోటారు పడవే. దాన్ని నడిపేది లసుమవ్వ మొగుడు అంతయ్య. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తప్పు తనదే అనుకునే మనిషి. మెత్తటివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, పడవెక్కిన ప్రతివాడూ అతని మీద పెత్తనం చేసేవాడే.

వినాయక నిమజ్జనాలు ముగియగానే పెద్దూరి రేవులో ఒక ఫ్లెక్సీ వెలిసింది. పైన పండుగ కమిటీ పెద్ద వంశీధర్‌రావు దండం పెడుతున్న ఫోటో. కింద రాబోయే కార్యక్రమాలు. ఎంగిలిపూల బతుకమ్మ ఏ వాడలో, ముగ్గుల పోటీ ఎక్కడ, కోలాటం ఎవరిది, అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ పెద్దూరి బడి మైదానంలో, డీజేతో, బహుమతులతో. లసుమవ్వ పై నుంచి కింది దాకా చదివింది. కుర్రు పేరు ఆఖరి వరసలో మాత్రమే ఉంది. కుర్రు ఆడపడుచులు పడవలో మైదానానికి రావలెను, ఆ రోజు ఊరి నుంచి కుర్రుకు ఎవరినీ పడవ ఎక్కించరాదు అని.

ఆమె గంపతో సహా వంశీధర్‌రావు వాకిట్లో దిగింది.

"సారూ, మా కుర్రుల పండుగ లేదా గీసారి?"

వంశీధర్‌రావుది ఒకప్పుడు చుట్టుపక్కల భూములన్నీ ఏలిన ఇల్లు. ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తాడు, పంచాయతీలో ఆయన మాటే చెల్లుతుంది, వచ్చే ఎన్నికల మీద కన్నేశాడు. కసిరే అలవాటు లేదు, నవ్వుతూనే పని కానిస్తాడు. "మీ మంచికే లసుమవ్వా. నాలుగిండ్లోళ్లు ఆడ ఏం ఆడుతరు? అందరు గీడికే రాండ్రి. ఎమ్మెల్యే పెద్ద సారు గూడ వస్తుండు. కుర్రు ఖాళీ అయిందని ఆయన కండ్లతోని చూస్తడు. జనం లేనికాడికి పడవ దండుగ. దసరా దాటినంక బంద్ పెడదమనుకుంటున్నం."

సంగతి అప్పటికి బయటపడింది. పండుగ జరగకపోతే కుర్రు మీద ఊరు లేనట్టే. ఊరు లేకపోతే పడవ ఉండదు. పడవ లేకపోతే లసుమవ్వ తన మడి, మనుగడ అన్నీ వదిలేసి కాలనీ రేకుల ఇంట్లో గోడకానుకుని కూర్చోవాలి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పేర్చిన బతుకమ్మను మేం గంగ దాటియ్యం సారూ. మీకు ఎరికే."

కుర్రులో అది పెద్దల నాటి కట్టడి. బతుకమ్మను గంగలో సాగనంపుతారే గానీ గంగ మీదుగా మోసుకుపోరు. అట్లా దాటిస్తే ఆ ఇంటి ఆడబిడ్డ మళ్లీ పుట్టింటి గడప తొక్కదని వాళ్ల నమ్మకం.

"గవన్ని పాత ముచ్చట్లు. ఫికర్ జెయ్యకు" అన్నాడు వంశీధర్‌రావు.

"ఫికర్ జేసేది నేను గాదు" అని లసుమవ్వ గంప నెత్తికెత్తుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడి వంతు వచ్చింది.

"సద్దులనాడు జనాన్ని ఈడికి పట్టుకరావాలె" అంది.

"సారు వద్దన్నడు గదనే. నౌకరి పోతది."

"నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. ఊరు పోతే ఏడికెల్లి తెస్తవయ్యా?"

అంతయ్య చెంబెడు నీళ్లు తాగి బయటికి పోయాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అతను గొణగడం ఆమెకు వినబడింది. వినబడాలనే గొణిగాడు.

తరువాతి అంగడిలో లసుమవ్వ కొత్త కేక మొదలుపెట్టింది. "తోటకూర, పాలకూర, గంగబాయిలికూర. సద్దుల బతుకమ్మ కుర్రు మీద. మెంతికూర లేతది. పొద్దు వాలకముందే పడవెక్కుండ్రి." కొనడానికి వచ్చినవాళ్లు ముందు నవ్వారు, తర్వాత అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరికీ ఆమె కట్ట విప్పినట్టు మొత్తం కథ విప్పింది. ఒకప్పుడు కుర్రు మీద పుట్టి ఇప్పుడు నస్పూరు, శ్రీరాంపూర్ దిక్కు కాపురాలు చేస్తున్న ఆడబిడ్డలు కూడా విన్నారు. వంశీధర్‌రావు చెవికీ చేరింది. కూరగాయలామె చాటింపుకు ఎవరు కదులుతారని ఆయన ఊరుకున్నాడు.

కోమల మాత్రం కాలనీ నుంచి వచ్చి ముఖం చిన్నబుచ్చుకుంది. "అత్తమ్మా, నేను మైదానంల కోలాటం నేర్పుతున్న. కమిటీ వాళ్లు నన్నే అడుగుతున్నరు, మీ అత్త ఏందని. నన్నెందుకు పరేషాన్ జేస్తవు?"

"నిన్ను రమ్మన్ననా? అంగడిల మొత్తుకున్న, అంతే" అంది లసుమవ్వ. కోడలు పోయాక మాత్రం చాలాసేపు పొయ్యి ముందే కూర్చుంది. రమ్మని అడగాలని ఆమెకు ఎంతగానో ఉంది. అడిగితే కాదంటుందేమోనన్న భయంతో అడగలేదు.

సద్దుల నాడు పొద్దు తిరిగేసరికి రేవులో పడవ లేదు. అంతయ్య పొద్దున పోయినవాడు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. మైదానంలో డీజే మోత నీళ్ల మీదుగా ఇక్కడికే వినబడుతోంది. కుర్రు మీద మిగిలిన నలుగురు ముసలమ్మలు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను మిట్ట మీదికి తెచ్చారు.

"మనమే ఆడుకుందామా లసుమవ్వా?" అంది వాళ్లలో పెద్దామె.

"మనమే ఆడుదం. ఒక్కదాన్ని మిగిలినా ఆడుత" అంటూ లసుమవ్వ గడ్డపారతో నేల తవ్వి ఆనవాయితీగా వెంపలి కొమ్మ నాటింది. దాని చుట్టూ బతుకమ్మలు పెట్టి, డీజే వైపు వీపు తిప్పి, ఉయ్యాల పాట ఎత్తుకుంది. ఆ చిన్న గుండ్రంలో చప్పట్లు పలచగా మోగాయి. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా పాట ఆపలేదు.

రెండో పాట నడుమ మోటారు చప్పుడు వినబడింది. పడవ నిండా ఆడవాళ్లు. ఎవరి ఒళ్లోనూ బతుకమ్మ లేదు. అందరి ఒళ్లోనూ గంపలే. గంపల నిండా విడిపూలు, ఖాళీ తాంబాలాలు. ముందు దిగింది కోమల.

"పేర్చినదాన్ని దాటియ్యొద్దన్నరు. పూలను దాటియ్యొద్దని ఎవలన్నరు? ఈడనే పేర్చుకుంటం. జర జాగ ఇయ్యుండ్రి" అంది అత్త వైపు చూడకుండా.

"మీ మామ ఎక్కనిచ్చిండా?"

"మేం అడగనేలే. నన్ను చూసిండు, తాడిప్పిండు."

లసుమవ్వ పడవ వైపు చూసింది. అంతయ్య అప్పటికే తిరిగి బయలుదేరాడు, మిగిలినవాళ్లను తేవడానికి. కాలనీ వాళ్లు, అంగడి వాళ్లు, శ్రీరాంపూర్ ఆడబిడ్డలు, చేపలవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, పడవ ఎన్నిసార్లు తిరిగితే అంతమంది దిగారు. మిట్ట మీద ఎటు చూసినా కూర్చుని పూలు పేర్చేవాళ్లే. గుండ్రం చుట్టూ మరో గుండ్రం, దాని చుట్టూ ఇంకోటి అయింది.

ఆఖరి పడవలో వంశీధర్‌రావు దిగాడు. మైదానంలో డీజే ముందు కుర్చీలు తప్ప మనుషులు లేరు, పెద్ద సారు గడియారం చూసుకుంటున్నాడు. అందుకే ఆడవాళ్లను వెనక్కి తీసుకుపోదామని వచ్చాడు. పిలిచాడు. పాటలో ఆయన పిలుపు ఎవరికీ వినబడలేదు. నవ్వుతూ పని కానిచ్చే మనిషికి మొదటిసారి నవ్వు రాలేదు.

"అంతయ్యా, పడవ తాళం ఇటియ్యి. నీ నౌకరి గీడికి ఖతం. పడవ బంద్."

అంతయ్య మొలతాడుకు కట్టుకున్న తాళం విప్పి, రెండు చేతులా ఇచ్చేశాడు. పాట ఆగిపోయింది. లసుమవ్వ మొగుడి ముఖం చూసింది, అందులో భయం కనబడలేదు.

వంశీధర్‌రావు తాళం జేబులో వేసుకుని పడవ వైపు నాలుగడుగులు నడిచాడు. అక్కడ ఆగాడు. ఆయనకు పడవ నడపడం రాదు. ఈదడమూ రాదు. పాట మళ్లీ మొదలైంది. ఆయన చేపల పడవల వాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్ల ఆడవాళ్లంతా ఇక్కడే చప్పట్లు కొడుతున్నారు, ఒక్కడూ ఎత్తలేదు. పెద్ద సారు ఫోన్ వచ్చింది, అది ఈయన ఎత్తలేదు.

బతుకమ్మలన్నీ గంగలో వదిలాక ఆడవాళ్లు సద్ది మూటలు విప్పారు. లసుమవ్వ మోదుగాకులో పెరుగన్నం, నువ్వుల సద్ది పెట్టి వంశీధర్‌రావు ముందుంచింది.

"తిను బిడ్డా. పడవ బంద్ అంటివి, ఇగ అందరం ఈడనే ఉంటం. నీక్కూడ చాపేస్త."

"లసుమవ్వా, పరాచికాలొద్దు. అందర్నీ పడవెక్కియ్యి."

"తాళం నీ తాననే ఉంది. ఎక్కించాలంటే మాట నువ్వే చెప్పాలె. దసరా దాటినంక గూడ పడవ నడుస్తదా, నడవదా?"

ఆయన చుట్టూ చూశాడు. సద్ది తినేవాళ్లంతా తినడం ఆపారు. "నడుస్తది తియ్యి" అన్నాడు నెమ్మదిగా.

"నాకు ఇనబడితె సాలదు. ఓట్లేసేటోళ్లకు ఇనబడాలె."

"నడుస్తది. మునుపటి లెక్కనే నడుస్తది. అంతయ్యనే నడుపుతడు" అన్నాడు గొంతు పెంచి. కోమల ఫోన్ పైకి పట్టుకుని ఆ మాట వీడియో తీసుకుంది. ఎందుకైనా మంచిదని.

వంశీధర్‌రావు తాళం అంతయ్య చేతిలో పెట్టి, అందరికన్నా ముందు పడవ దగ్గరికి పోయి కాలెత్తాడు. అంతయ్య అడ్డంగా చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి దించలేదు.

"ముందుగాల ఆడోళ్లు సారూ. పిల్లలున్నరు. మీరు ఆఖరి ట్రిప్పుకు రాండ్రి."

ఎవరూ నవ్వలేదు. లసుమవ్వ కూడా నవ్వలేదు. ఆమె మొగుడి వైపు చూసింది, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనంతసేపు. వంశీధర్‌రావు ఎత్తిన కాలు దించి, వెనక్కి వచ్చి, తన ఆకు ముందు కూర్చున్నాడు. ఆమె అందులో ఇంకో ముద్ద పెట్టింది.