మార్నింగ్ షోలో మా ఆయన

మా ఇంట్లో అలకకు ఒక పద్ధతి ఉంది. కోపం వచ్చిన మనిషి పలకడం మానేస్తే రెండో మనిషీ మానేస్తారు. మూడో రోజు ఎవరో ఒకరు వంటింట్లోంచి "టీ అయింది" అని కేక వేస్తారు. అవతలి మనిషి లేచి వస్తే గొడవ అయిపోయినట్టు. పెళ్లయినప్పటి నుంచీ ఇంతే.

పోయిన వేసవిలో ఏ గొడవా లేని ఒక రోజు నేను టీకని కేక వేస్తే మా ఆయన రాలేదు. మర్నాడూ రాలేదు. ఎందుకు అలిగారో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. నాకూ ఒళ్లు మండి మాటలు మానేశాను. కూరల సంచీ ఎదురుగా పెట్టడం, అవసరమైతే సైగ చేయడం, అంతే.

వానలు మొదలయ్యాక రోజూ పొద్దున అశోక్‌నగర్ లైబ్రరీకని బయల్దేరేవారు. ఒకరోజు చొక్కా నానబెట్టబోతే జేబులో సినిమా టికెట్ దొరికింది. ఆ వారంలోనే ఇంకో రెండు. మూడూ నారాయణగూడ థియేటరువే, ఒకే సినిమావి. ఊరంతా పోస్టర్లున్న ఆ గూఢచారి సినిమా. కోట్లు గుమ్మరించి తీశారట. టీవీలో హీరో నలుగుర్ని కొడితేనే ఛానల్ మార్చే మనిషి దాన్ని మూడుసార్లు చూడటమేమిటి? పక్క సీట్లో ఎవరుంటున్నారు? ఈ వయసులో నన్ను వదిలించుకుంటున్నారేమోనని భయం పట్టుకుంది. ఎవరికైనా చెప్పుకోవడానికీ సిగ్గే.

మర్నాడు ఆయన వెనకే చిక్కడపల్లిలో ఆటో ఎక్కాను.

"అన్నా, జర ఆ ముందు ఆటోను ఇడవకు."

"సీఐడీ పనా అక్కా?" అన్నాడు డ్రైవరు. నాకు నవ్వు రాలేదు.

హాల్లో ఆయనకు రెండు వరుసల వెనక కూర్చున్నాను. ఆయనకు అటూ ఇటూ సీట్లు ఖాళీ. ఎవరో ఆలస్యంగా వస్తారని తలుపు వైపే చూస్తున్నాను. అయినా కళ్లు తెర మీదికి పోయేవి. హీరో హెలికాప్టర్లోంచి రైలు మీదికి దూకాడు, చొక్కా నలగలేదు. వాడినీ నమ్మలేదు నేను. కానీ బాంబు పేలినప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్న మాట నిజం.

ఇంటర్వెల్ దాకా ఎవరూ రాలేదు. వెళ్లి ఆయన వెనక నిలబడి "ఏమండి" అన్నాను. కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాను. ముందు వరుసలో ఇద్దరు తిరిగి చూశారు, ఆయన తిరగలేదు. భుజం తడితే ఉలిక్కిపడ్డారు.

"నువ్వెట్ల వచ్చినవ్?"

"గంత పిలుస్తుంటే ఇనబడ్తలేదా?"

ఆయన నా పెదాల వైపే చూశారు.

"ఇనబడ్తలేదు," అన్నారు. "ఎండాకాలం నుంచి. చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే. గీ సినిమాకు మాటలతోటి పని లేదు. ఎవడు ఎవని ఎనక ఉరుకుతుండో కండ్లకు కనబడ్తది. బాంబు పేలితే ఛాతీకి తెలుస్తది. ఈడ కూసుంటే నేను గూడ అందరి లెక్కనే ఉన్న."

వంటింట్లోంచి నేను వేసిన కేకలు గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. వెళ్లి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను.

సెకండాఫ్‌లో ఒకామె హీరో చెవిలో ఏదో రహస్యం చెప్పింది. హాలంతా నిశ్శబ్దం.

"ఏమన్నది?" అని అడిగారాయన.

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "అక్కా, జర మెల్లగ" అన్నారు వెనక ఎవరో. ఆయన మళ్లీ అడిగారు. ఈసారి ఇంకా గట్టిగా చెప్పాను.