ఫోన్లో పెరుగు ముందొచ్చింది

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రపంచమంటే నా ముందున్న మానిటరే. బెజవాడలో ఒక మేడమీది గదిలో, గరగరలాడే ఫ్యాను కింద, వెడల్పాటి తెర ముందు కూర్చుని జనానికి వెబ్‌సైట్లు చేసిపెట్టే ఉద్యోగం నాది. చేరి ఏడాది కూడా కాలేదు కానీ, మాటలు మాత్రం ఇంటర్నెట్‌ని నేనే కనిపెట్టినట్టు ఉండేవి. నా తెర మీద బాగుంటే లోకమంతటికీ బాగున్నట్టే లెక్క. సిటీ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు, ఆఖరికి పొయ్యి దగ్గర మా అమ్మ (పప్పులో ఉప్పు మర్చిపోయి మరీ) అందరూ ఫోన్లే చూస్తుండేవారు. రోజూ వాళ్ళని చూస్తూనే ఉన్నాను. నేను చేసే వెబ్‌సైట్లని చూడాల్సింది కూడా వీళ్ళే కదా అన్న ఆలోచన మాత్రం ఒక్కసారీ రాలేదు. వయసు అలాంటిదని ఇప్పుడు సర్దిచెప్పుకుంటాను గానీ, అది ఉత్త పొగరు.

మా మేనమామది మైలవరం. చుట్టాలందరూ ఆయన్ని గుత్తొంకాయ మామయ్య అనేవారు, ఎందుకో ఆయన చేతి కూర తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల గృహప్రవేశాలకీ, ఓణీల ఫంక్షన్లకీ, వ్రతాలకీ వంట ఆయనదే. అయితే ఆయన మనసంతా బెజవాడలో ఒక పెద్ద పెళ్ళి మీద ఉండేది. ఆ ఆశతోనే పెద్ద గుండిగలు కొన్నాడు, వంటవాళ్ళని జీతానికి పెట్టుకున్నాడు. పెళ్ళి మాత్రం రాలేదు. గుండిగలు ఇంటి వెనక రేకుల షెడ్డులో బోర్లించి ఉండేవి, మా అత్తయ్య వాటి మీద చీర పరిచి వడియాలు ఎండబెట్టేది. ఈ ముహూర్తాలు కూడా ఇలాగే పోతే గుండిగలు అమ్మేసి, బెజవాడలో ఎవరి దగ్గరైనా కూలికి వంటకి వెళ్తానని మామయ్య ఒకసారి నాతో నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. ఆ బాధలోనే, నీకున్న లోపమల్లా వెబ్‌సైట్ లేకపోవడమేనని తేల్చి చెప్పేశాను.

చేసిపెట్టాను కూడా. నా బుర్రకి తట్టిన గొప్ప ఊహ ఏమిటంటే, తెర నిండా ఒక అరిటాకు. ఎడమవైపు కొస, కుడివైపు తొడిమ, పెళ్ళిలో వేసినట్టే. దాని మీద పూర్ణం బూరెలు, పులిహోర, గుత్తి వంకాయ, ముద్దపప్పు, ఆవకాయ, ఏది ఉండాల్సిన చోట అది. దేని మీద మౌసు బాణం పెడితే అది కాస్త పైకి లేచి తన పేరు చెప్పుకునేది (దీనికోసం రెండు ఆదివారాలు సినిమా మానేశాను). ఫోటోల కోసం నేను మైలవరం వెళ్ళిన పూట వంటలింకా కాలేదు, రాత్రి తోడుపెట్టిన పెరుగు మాత్రం ముంత నిండా ఉంది. ముందు దాన్నే ఫోటో తీసి ముందు దాన్నే పేజీలో ఎక్కించాను. మిగిలినవి ఎప్పుడు ఏది వండితే అప్పుడు అది. వరుసతో నాకేం పని, తెర మీద ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాయి కదా. మామయ్య మా ఆఫీసుకొచ్చి మానిటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి, ఆకు ముందు కూర్చుని తినాలనిపిస్తోందిరా అన్నాడు. ఆయన దగ్గరున్నది నొక్కుడు బటన్ల ఫోను. అందుచేత ఆయన తన వెబ్‌సైట్‌ని చూసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

తర్వాత వారాల తరబడి ఆయన కనపడ్డవాళ్ళకల్లా వెబ్‌సైట్ పేరు చెప్పాడు. ఒక్క ఫోనూ రాలేదు. ఎందుకు రావట్లేదురా అని అడిగితే, ఇంటర్నెట్‌లో పేరు పాకడానికి టైం పడుతుందని డాక్టర్ చెప్పినట్టు చెప్పేవాణ్ణి. నా ఫోన్లో ఒకసారి తెరిచి చూస్తే అరనిమిషంలో తెలిసేది. నా ఫోన్ నిండా పాటలే తప్ప, నా పని దానిలో ఎలా కనపడుతుందో చూడాలన్న బుద్ధి నాకు లేదు.

అలాంటి రోజుల్లో ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టుల షాపున్న ఒకాయన, మైలవరంలో ఏదో గృహప్రవేశంలో మామయ్య వంట తిన్నాడు. తన కూతురి పెళ్ళికి ఈయనే వండాలని పట్టుపట్టాడు. పెళ్ళికొడుకు వాళ్ళది గుణదల. వాళ్ళింట్లో అన్నిటికీ ఆఖరి మాట పెళ్ళికొడుకు మేనత్తగారిది. ఆవిడ రుచి చూసి సరేనంటే పెళ్ళి మామయ్యది, లేకపోతే బెజవాడలో పేరున్న ఇంకొకళ్ళది. మామయ్య ఆ పూట తెల్లవారుజామునే లేచి వండుకుని, క్యారేజీలన్నీ ఆటోలో వేసుకుని షాపు పైనున్న గదికి తెచ్చాడు. నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను, వంటకి తోడుగా నా అరిటాకు కూడా చూపిద్దామని.

మేనత్తగారు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఫోన్ తీశారు. పెళ్ళికూతురి తండ్రి ముందురోజే మా వెబ్‌సైట్‌ని గర్వంగా వాట్సాప్‌లో వాళ్ళకి పంపాడట.

"మీ విందు నిన్ననే చూశామండీ," అన్నారావిడ మామయ్యతో, చాలా మర్యాదగా. "మొట్టమొదటే పెరుగు వేశారు. అంటే మగపెళ్ళివారిని తినకుండానే లేవమనా?"

నేను గబగబా వెళ్ళి ఆవిడ ఫోన్లోకి తొంగిచూశాను. నా వెడల్పాటి ఆకు ఆ చిన్న తెరలో పట్టక కొస ఎగిరిపోయి, నడిమి ముక్క ఒక్కటే పచ్చగా కనపడుతోంది. ఆకు మీద పక్కపక్కన ఒద్దికగా కూర్చున్న పదార్థాలన్నీ, నేను ఎక్కించిన వరుసలోనే, ఒకదాని కింద ఒకటి దిగి నిలబడ్డాయి. పెరుగుతో మొదలు, ఆ తర్వాత చారు, ఎక్కడో మధ్యలో ఆవకాయ, వేలు నొప్పి పుట్టేదాకా తోస్తే అట్టడుగున పూర్ణం బూరె.

"ఆంటీ, అది కంప్యూటర్లో చూడాలండి," అన్నాను లాప్‌టాప్ తెరుస్తూ.

"మాకు కంప్యూటర్ ఎక్కడుంది నాయనా? మా చుట్టాలందరి ఇళ్ళకీ నువ్వే అది పట్టుకుని తిరుగుతావా?" అన్నారు. కోపం లేదు. నిజంగానే అడిగినట్టుంది.

పెళ్ళికూతురి తండ్రి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మామయ్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తన వెబ్‌సైట్ వారాల తరబడి ఊళ్ళో అందరికీ ముందు పెరుగు వేసి పంపించేస్తోందని ఆయనకి అప్పుడే తెలిసింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన మాత్రం ఆవిడతో, "వాడి తప్పు కాదండీ, ఆ రోజు పెరుగొక్కటే తయారుగా పెట్టింది నేనే," అన్నాడు.

మేనత్తగారు నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి కూర్చున్నారు. తాము భోజనం ముగించేలోపు దాన్ని సరిచేస్తే మళ్ళీ తన ఫోన్లోనే చూస్తాననీ, తన బంధువులకి పంపించుకోదగ్గట్టుగా ఉంటేనే మాట్లాడుకుందామనీ చెప్పారు. వంట సంగతి నాలిక చెప్తుంది గానీ, ఊళ్ళో చుట్టాలకి ముందు చేరేది ఈ ఫోన్ బొమ్మే కదా అన్నారు.

నేను కిటికీ దగ్గర చతికిలబడ్డాను. ఏది ముందు పెట్టాలో, ఏది వెనక పెట్టాలో ఒక్క ముక్క తోచలేదు. తలెత్తి చూస్తే మామయ్య ఆకులు వేస్తున్నాడు. నీళ్ళు చిలకరించాడు. ఆకు కొసన ఉప్పు, తర్వాత తీపి. అప్పుడు వెలిగింది నాకు. ఆకు మీద అన్నీ ఒకేసారి ఉంటాయి నిజమే, కానీ ఏ పంక్తిలోనూ అన్నీ ఒకేసారి రావు. ఒకదాని వెనక ఒకటి వస్తాయి, వచ్చే వరుసకి ఒక పద్ధతి ఉంది. ఫోన్లో జనం చూసేది కూడా అలాగే. వేలితో తోస్తుంటే వడ్డన జరగాలి. ఇక నేను ఆలోచించడం మానేసి మామయ్య చేతిని చూడటం మొదలుపెట్టాను. ఆయన బూరె వేస్తే నేను బూరె పైకి తెచ్చాను. ఆయన పులిహోర దగ్గరికి వెళ్తే నేనూ పులిహోర దగ్గరికి వెళ్ళాను.

వడ్డన నాకన్నా వేగంగా నడుస్తోందని మామయ్యకి అర్థమైంది. అంతే, ఆయన మారు వడ్డించడం మొదలుపెట్టాడు. ఇంకో బూరె వెయ్యమంటారా, నెయ్యి సరిపోయిందా, ఈ వంకాయ మీరు రుచే చూడలేదు, ఇది మా పొలం దగ్గరి కాయండీ అంటూ (ఆయనకి పొలం లేదు) ఒక్కొక్క ఆకు దగ్గరా నిలబడి బతిమాలాడు. పెళ్ళికూతురి తండ్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుని, మూడోసారి నా వైపు చూసి, పాపం మళ్ళీ పెట్టించుకున్నాడు. చారు వచ్చేసరికి నా పని గుత్తి వంకాయ దాటింది. పెరుగు గిన్నె ఎత్తి పట్టుకుని మామయ్య నా వైపు చూశాడు. నేను తలూపాక వడ్డించాడు.

మేనత్తగారు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని ఫోన్ తీశారు. పైన చిన్నదే అయినా కొస ఉన్న నిండు ఆకు. కింద బూరె, పులిహోర, కూరలు, పప్పు, చారు, పెరుగు, చివర కిళ్ళీ. బొటనవేలితో నెమ్మదిగా కిందిదాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చారు.

"అంతా బావుంది. మరి మీకు ఫోన్ చెయ్యాలంటే ఎక్కడ నొక్కాలి?"

మానిటర్ మీద నేను నెంబరుని కుడివైపు మూలన చిన్న అక్షరాల్లో, ఎంతో నాజూగ్గా పెట్టాను. ఫోన్లో అది కిళ్ళీ కింద చీమల బారులా పడి ఉంది. వారాల తరబడి ఒక్క ఫోనూ ఎందుకు రాలేదో అప్పటికి తెలిసింది. ఆవిణ్ణి ఒక్క నిమిషం ఆగమని, నెంబరుని తెచ్చి ఆకు కిందే, వేలికి అందేట్టు పెద్ద బటన్‌గా పెట్టాను. ఆవిడ నొక్కారు.

గది మూలన, ఖాళీ క్యారేజీల సంచిలో మామయ్య ఫోన్ మోగింది. ఆయన కంగారుగా వెళ్ళి, గిన్నెల మధ్యలోంచి తీసి, మా అందరికీ వీపు పెట్టి నిలబడి, "హలో, ఎవరండీ?" అన్నాడు.

"గుణదల నుంచి మాట్లాడుతున్నానండీ," అన్నారు మేనత్తగారు, ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి. "మా మేనల్లుడి పెళ్ళికి మీరు వంట చెయ్యాలి."

మామయ్య వెనక్కి తిరగలేదు. అలాగేనమ్మా, తప్పకుండానమ్మా అని ఫోన్లోనే జవాబు చెప్పాడు. నేనూ లాప్‌టాప్‌లోకి తలదించుకున్నాను.

ఆ పెళ్ళికి గుండిగల మీది వడియాలు గంపలోకి మారాయి. మామయ్య నన్ను కూడా వడ్డనకి రమ్మన్నాడు, పెరుగు బకెట్టు మాత్రం నాకే ఇచ్చాడు (ఆయన తిట్టదలచుకున్న నాలుగు తిట్లూ అవే అనుకుంటాను). ఉత్సాహం కొద్దీ పంక్తిలోకి దూసుకెళ్ళాను. మేనత్తగారు నన్ను చూసి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంకా చారే రాలేదు నాయనా. మళ్ళీ ముందొచ్చేశావు."

ఇప్పుడు నాకూ కళ్ళజోడు వచ్చింది, నా దగ్గర పనిచేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పెద్ద తెర మీద ఏదైనా గొప్పగా చేసి చూపిస్తే, ముందు ఫోన్లో తెరిచి నా చేతికివ్వమంటాను. బొటనవేలితో తోసుకుంటూ వెళ్తుంటే, బకెట్టు పట్టుకుని పంక్తి మధ్యలో వెర్రి మొహం వేసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాను గానీ, మామయ్యలాగే నేనూ వాణ్ణి తిట్టలేను.