బండ కొట్టేవాళ్ళు ఎటు పోయారు?

1998. మా విశ్వవిద్యాలయంలో నేను సోషియాలజీ గైడ్‌ని, అంటే పీహెచ్‌డీ విద్యార్థుల పరిశోధనకు దారి చూపే మనిషిని. మాదాపూర్ గుట్టలు పేల్చి రోడ్లూ భవనాలూ వేస్తున్న రోజులవి. అప్పుడొచ్చింది సుజాత. వాళ్ళ నాన్న ఆ గుట్టల్లోనే బండ కొట్టేవాడు.

"దేని మీద చేస్తావమ్మా?"

"వలసల మీద మేడమ్."

"అంత పెద్దది నీవల్ల కాదు. ఎవరి వలస? అందులో నీకు తెలియనిదేంటి?"

ఇది అందరినీ అడిగేదే. అంశం ఎవరైనా చెబుతారు, దాంట్లోంచి సమస్యను బయటికి తీయడమే సగం పని. వారం తిరక్కుండానే వచ్చింది.

"మా బస్తీల బండ కొట్టేటోళ్ళు గుట్ట అయిపోంగనే ఎటు వోయిన్రు, ఏం పని పట్టిన్రు? గదే అడుగుత మేడమ్. జర జల్దీ చెయ్యాలె. గుడిసెలు పీకుతున్రు, ఇప్పుడు అడగకుంటే ఇగ దొరకరు."

నా సంతోషం ఇంతా అంతా కాదు. అంత సూటి ప్రశ్న నా దగ్గరికి అంతకుముందెప్పుడూ రాలేదు. సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, రాయించి కమిటీ ముందు పెట్టాను.

ఛైర్మన్ గారు పేజీలు తిరగేశారు. "వీళ్ళ మీద ఎవరైనా రాశారా అమ్మా?"

"లేదు సార్."

"మరి పాత పరిశోధనల సమీక్షలో ఏం రాస్తావు? ఎవరూ రాయలేదంటే విషయం లేదన్నమాటే. ఐటీ వల్ల స్థానికులకు వచ్చిన ఉపాధి మీద చెయ్యి."

అరగంట క్రితం ఇంకో కుర్రాడి అంశాన్ని 'ఇదివరకే చేసేశారు' అని తిప్పికొట్టింది ఈయనే! గొంతు చించుకుని వాదించాను. గోడకి చెప్పినట్టే అయింది.

బయటికొచ్చాక సుజాత, "ఉపాధి అచ్చిందని ముందే రాసుకున్నంక, ఇగ పోయి అడిగేదేంది మేడమ్?" అంది. రిజిస్ట్రేషన్ వదిలేసి మదీనాగూడలో ఓ బడిలో టీచరుగా చేరింది.

ఏళ్ళు గడిచి సుజాత అడిగిన బండ కొట్టేవాళ్ళ అంశానికే గిరాకీ వచ్చింది. అదే ఛైర్మన్ గారి శిష్యుడొకడు దాని మీదే డాక్టరేటు కొట్టాడు. థీసిస్ తెరిచి చూశాను. చివరి అధ్యాయంలో, 'ఆ కుటుంబాల ఆచూకీ లభించలేదు' అని ఒక్క ముక్క.

అప్పట్నుంచీ విద్యార్థులతో కొత్తదనం, పరిధి గురించి తర్వాత మాట్లాడతాను. నువ్వు అడగబోయే మనుషులు అక్కడ ఇంకెన్నాళ్ళుంటారు అన్నదే ముందడుగుతాను.

ఆచూకీ లభించని ఆ కుటుంబాల్లో సుజాతది ఒకటి. ఆమె ఇంకా పాఠాలు చెబుతున్న మదీనాగూడకి మా క్యాంపస్ నుంచి బస్సుంది.