పళ్ళ మేస్త్రి కారుకి కొత్త బుష్‌లు

తమ్ముడి కారులో అక్కగారు ఎప్పుడూ పెదాలు బిగించుకునే కూర్చుంటుంది. ఆ రోజు ఆవలింత ఆపుకోలేకపోయింది. సరిగ్గా అప్పుడే కారు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడటంతో ఆవిడ పై పళ్ళ సెట్టు జారి, ముందు సీట్లో ఉన్న మరదలి భుజం మీద వాలింది. మరదలు దాన్ని చేతిరుమాలుతో తుడిచి వెనక్కి అందించింది. కారు నడుపుతున్న తమ్ముడికి చెమటలు పట్టాయి.

ఎందుకంటే ఆ సెట్టు చేసింది ఆయనే. పాతికేళ్ళుగా డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిస్తున్నాడు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన పళ్ళ మేస్త్రి. ఆయన చేసిన పళ్ళతో మొక్కజొన్న కంకులు కొరికినవాళ్ళున్నారు.

ఇల్లు చేరగానే అక్కగారు తీర్పు చెప్పేసింది.

"ఒరేయ్, నీ పళ్ళు వదులు."

"పళ్ళు కాదక్కా, కారు. కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లు పోయాయి."

"నీ పని బాగోలేక బండి మీదికి తోస్తున్నావా? ఆదివారం దాకా చూస్తా. తర్వాత పక్క వీధి అతని దగ్గర కొత్త సెట్టు చేయించుకుంటా."

పక్క వీధి అతను మేస్త్రి దగ్గరే పని నేర్చుకుని వేరు కుంపటి పెట్టినవాడు. సొంత అక్కే ఆ గడప తొక్కితే మేస్త్రి ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మర్నాడు మెకానిక్ కారు కింద దూరి, చక్రాలను పట్టి ఉంచే ఇనప చేతుల్లోంచి పాత బుష్‌లు ఊడదీశాడు. రబ్బరు ఎండి పెచ్చులుగా రాలుతోంది. కొత్తవి రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. నల్లవి మామూలు రబ్బరు, ఎర్రవి గట్టి పాలీయురేథేన్ ప్లాస్టిక్.

మేస్త్రి రెండింటినీ గోటితో నొక్కాడు. వెలుతురులో తిప్పి చూశాడు. అంతటితో ఆగక నల్లదాన్ని దవడ పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. గాటు పడింది. ఎర్రదాన్నీ కొరికాడు. పడలేదు.

"ఇవే వెయ్యి."

"అవి రేసులవాళ్ళకి సార్. మీ బండిలో మనుషులు కూర్చుంటారు."

"పాతికేళ్ళ సర్వీసు నాది. ఏది అరుగుతుందో ఏది అరగదో నువ్వు చెప్తావా నాకు?"

మెకానిక్ ఎర్రవే బిగించాడు.

శనివారం ఉదయం కారు రోడ్డెక్కింది. చక్రం ఎంత గులకరాయి తొక్కిందో సీట్లో కూర్చునే చెప్పొచ్చు. పాత స్పీడ్ బ్రేకర్ దగ్గర ఈసారి పై సెట్టుతోపాటు కింది సెట్టూ వచ్చేసింది. అక్కగారు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వేలితో పక్క వీధి వైపు చూపించింది.

మేస్త్రి తిన్నగా మెకానిక్ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"సార్, పళ్ళ కింద ఏముంటుంది?"

"చిగుళ్ళు."

"రాయిలా ఉంటాయా?"

మేస్త్రి కారు తాళం అతని చేతిలో పెట్టాడు. "ఆ నల్లవే వెయ్యవయ్యా."

"మీరు కొరికింది కూడా ఉంచా. దాన్నెవరు కొంటారు!"

కారు జాకీ దిగి, నాలుగు చక్రాలూ నేలకు ఆనాకే మెకానిక్ చివరి బోల్టులు బిగించాడు. కొత్త సెట్టు పెట్టి, నోరు మూయించి కాటు సరిచూడటం లాంటిదే ఇదీ, అని మేస్త్రి లోలోపల మెచ్చుకున్నాడు.

ఆదివారం కారు స్పీడ్ బ్రేకర్ మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. అక్కగారు నాలుకతో తడిమి చూసుకుంది. రెండు సెట్లూ ఉన్నచోటే ఉన్నాయి.

"పళ్ళు బాగానే చేశావురా," అని మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా మళ్ళీ పెదాలు కలపలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళగానే భార్య అందుకుంది. "ఏమండీ, ఇన్నాళ్ళూ కుదుపులకి భయపడి వదిన నోరు బిగించుకుని కూర్చునేది. ఇవాళ క్షణం ఆపితే ఒట్టు! నా చెవులు దిబ్బళ్ళు పడ్డాయి."

మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఎర్రవి పారెయ్యలేదులే, డిక్కీలోనే ఉన్నాయి."