పచ్చపెట్టె టోపీలు

మొన్న పనిమీద మదనపల్లె పోతే, టమోటా మార్కెట్ ముందర ఎవరిదో ఊరేగింపు పోతూ టపాకాయలు కాల్చారు. ఆ పొగ ముక్కుకు తగలగానే తుమ్ము వచ్చింది. తుమ్ము వెనకాలే మునిరత్నప్ప గుర్తొచ్చాడు. ఆయన పుంగనూరులో తుపాకులు బాగుచేసేవాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం రెండు గొట్టాల తుపాకి. నాకు గురువంటే ఆయనే. నేను బడి మొహం చూడలేదు కాబట్టి పోటీకి ఇంకెవరూ లేరు.

అప్పటికి నాకు నలభై దాటింది. కొండ కింద రెండెకరాల శెనక్కాయ వేసేవాణ్ణి. అడవిపందులు నాకంటే ముందే కోతకు దిగేవి. లైసెన్సు తుపాకి ఉంది. ఆకాశం వైపు ఒక్కటి పేలిస్తే మందంతా పారిపోయేది. పేలిన తూటాల ఖాళీ డొక్కులకు మునిరత్నప్ప మళ్ళీ మందు నింపి ఇచ్చేవాడు. ఆ పని నాకూ నేర్పమని వెంటపడ్డాను.

తూటా అడుగున చిన్న టోపీ ఒకటి ఉంటుంది. తుపాకి లోపలి సూది దెబ్బ దాని మీద పడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. చూడడానికి టోపీలన్నీ ఒకటే. కానీ ఒకదాని మంట నెమ్మది, ఇంకోదానిది కయ్యాలమారి అత్తలాగా ఎగబడుతుంది. ఏ డొక్కుకు ఏ మందు, ఏ టోపీ అన్నది ఆయన నోటుబుక్కులో రాసిపెట్టాడు. "దీంట్లో ఉండేదే చెయ్యల్ల. సొంత తెలివి పెండ్లాం కాడ సూపించు" అన్నాడు. నేను తల ఊపాను. చదువు రాదని మాత్రం చెప్పలేదు. మా టోపీలది పచ్చపెట్టె అని గుర్తు పెట్టుకున్నాను, అంతే.

శెనక్కాయ ఊడలు దిగే వేళకు టోపీలు అయిపోయాయి. మదనపల్లె అంగడి నుంచి నేనే ఒక పచ్చపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన పెట్టెను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం రాసుండాదప్పా దీని మింద?"

"మనం వాడేదే రాసుండాది."

"సదువు."

"ఈడ వెలుతురు సాల్దన్నా."

ఆయన పెట్టెను తలకిందులు చేసి నా చేతికిచ్చాడు. "ఇప్పుడు?"

"ఆఁ, ఇప్పుడు బాగా కనిపిస్తాండాది."

కండ్లలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తర్వాత గొంతు మారింది. "రంగొకటే, టోపీ వేరేదప్పా ఇది."

"డొక్కు అడుగు బొక్కలో పడతాది కదన్నా?"

"తలకాయ దూరిందని ఎవుని సొక్కాయైనా తొడుక్కుంటావా? మన మందుకు దీని మంట ఎక్కువ. గొట్టం పగిలితే పొయ్యేది పంది కాదు, నీ కండ్లు."

పెట్టెను బల్ల మీద పెట్టేశాను. "నాకు సదువు రాదన్నా" అన్నాను. ఆ మాట నా పెండ్లి చూపుల్లో కూడా చెప్పలేదు.

జాలిపడతాడనుకున్నాను. మందు పెట్టెకు బీగం వేసి, ఖాళీ నూనె డబ్బా నా చేతిలో పెట్టాడు. "నోటుబుక్కు సదివేదాకా దీన్ని కొట్టుకో."

"పంటంతా పందులు తినేస్తాయన్నా!"

"అయితే బిరబిరా నేర్సుకో."

పగలు ఆయన బల్ల దగ్గర అక్షరాలు దిద్దాను, పొద్దు గుంకితే చేలో డబ్బా కొట్టాను. పందులు వారం భయపడ్డాయి. ఆ తర్వాత నా తాళానికి తగ్గట్టు నమలడం మొదలుపెట్టాయి. సగం పంట పోయింది. ఊళ్ళో నన్ను డబ్బా దాసు అన్నారు. అందరూ 'అమ్మ', 'ఆవు' అని మొదలుపెడితే నేను 'టోపీ' అని మొదలుపెట్టాను. కోతకు నాలుగు రోజుల ముందు ఒక పేజీ కూడబలుక్కుని చదివాను. చివర్లో ఇలా ఉంది: "టోపీ మారితే కొలతంతా మారుతుంది. తెలియకుంటే నింపొద్దు." మునిరత్నప్ప బీగం తీశాడు.

"యాల ఏడుస్తాండావు? మందు తడుస్తాది. జరిగి కూర్సో."

ఆయన పోయి చాలా ఏండ్లయింది. తుపాకి కూడా పోలీసులకు అప్పగించేశాను. ఇప్పుడు కుప్పంలో కూతురింట్లో ఉన్నాను. పోయిన వారం మందుల అంగట్లో నా బీపీ మాత్రలు లేవని వేరే అట్ట ఇచ్చారు. "అదే పెద్దాయనా, కంపెనీ వేరే, అంతే" అన్నాడు అంగడాయన. పాత అట్టనూ కొత్త అట్టనూ పక్కపక్కన పెట్టి, వేలు ఆనించి, ఒక్కో అక్షరమూ గట్టిగా చదివాను. వెనకాల వరసలో ఎవరో, "ఏం తాతా, పరీచ్చ రాస్తాండావా?" అన్నారు.

"అవునప్పా" అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.